పీకేసి అటుపక్క పెట్టెయ్

ఆగస్టు 3, ఆదివారం

కొత్త స్క్రీన్ గోడకెక్కింది. అరవై అయిదు అంగుళాలు. గోడ మీద ఒక్క వైరు కూడా కనపడటం లేదు. ఈ మాట ఎర్ర ఇంకుతో రాయాల్సింది, పెన్ను దొరకలేదు. సెట్ టాప్ బాక్సు లాంటి పెట్టెలన్నీ పడగ్గది అలమరలో, స్క్రీన్ హాల్లో, మధ్యలో గోడ లోపల పైపు. మేస్త్రీ నెత్తీ నోరూ బాదుకున్నాడు. "టీవీ కింద ఓ బల్ల వేసుకుని పెట్టెలు దాని మీద పెట్టుకుంటే పోయేదానికి, ఎందుకు సార్ ఇంత చాకిరీ" అని. వేలాడే వైరు చూస్తే నాకు ఒళ్ళు మంట. ఆ సంగతి మేస్త్రీకి చెప్పినా అర్థం కాదు.

బొమ్మ మాత్రం నిలవట్లేదు. వస్తుంది, రెండు నిమిషాలుంటుంది, నల్లబడుతుంది. మళ్ళీ వస్తుంది.

మధ్యాహ్నం నేను స్క్రీన్‌కీ గోడకీ మధ్య తల దూర్చి ఉన్నాను. నోట్లో టార్చి. మా ఆవిడ పక్కనే నిలబడి పాత కేబుల్ పట్టుకుంది. ఏదో అంది. నేను కేబుల్ సంగతి చెప్పాను. సాయంత్రం బట్టలు సర్దుకుని, రైలెక్కి చెల్లెలింటికి వెళ్ళింది. ఎప్పుడొస్తుందో చెప్పలేదు.

బొమ్మ అలా వస్తూ పోతూ ఉంటే ఎవరికైనా చిరాకేగా.

ఆగస్టు 4, సోమవారం

తప్పు కేబుల్‌దే.

ఆగస్టు 5, మంగళవారం

పని అయ్యాక కేబుళ్ళ కొట్టుకి వెళ్ళాను. అరచేతి వెడల్పు కొట్టు. పైనుంచి కింద దాకా వైర్ల చుట్టలు వేలాడుతున్నాయి. నాకు లోపలికి అడుగు పెట్టగానే ఊపిరాడలేదు. కొట్టాయన్ని వీధిలో అందరూ బంగారం అంటారు. ఏ కేబుల్ చేతికిచ్చినా "బంగారం పూత సార్, బంగారం" అంటాడు కాబట్టి.

"ఏ కేబుల్ కావాలి సార్?"

"హెచ్‌డీఎంఐ."

"అది పెళ్ళికొడుకు కావాలి అన్నట్టుంది సార్. ఎలాంటి పెళ్ళికొడుకు? ఎంత పొడుగు? ఫోర్ కేనా? సెకనుకి అరవై బొమ్మలా, ముప్ఫయ్యా? రెండు పాయింట్ సున్నానా, రెండు పాయింట్ ఒకటా?"

నాకు తెలియదని చెప్పుకోవడం నాకిష్టం లేదు. "ఒకటి" అన్నాను. పెద్ద అంకె ఎప్పుడూ మంచిదే.

ఇంట్లో ఉన్నది ఎలక్ట్రీషియన్ వేసిన పాత రకం కేబులట. చిన్న బొమ్మ అయితే లాగుతుంది, ఇంత పెద్ద స్క్రీన్ నిండా బొమ్మ పంపాలంటే దాని వల్ల కాదు, మధ్యలో చేతులెత్తేస్తుంది. సరే, లావుపాటిది ఒకటి ఇమ్మన్నాను. హాలు, గది కలిపి కొలిచి పెట్టుకున్నాను కాబట్టి పన్నెండు మీటర్లు అన్నాను. నా బొటనవేలంత లావుంది. చూస్తేనే నమ్మకం కలుగుతుంది.

ఆగస్టు 6, బుధవారం

మరదలు ఫోన్ చేసింది. నా భార్యకి ఒక్కతే చెల్లెలు, నోరు మాత్రం నలుగురిది.

"బావా, ఆదివారం అక్క నిన్ను ఏమడిగిందో తెలుసా?"

"ఏదో అడిగింది. నాకు వినపడలేదు. నోట్లో టార్చి ఉంది."

"టార్చి నోట్లో ఉంటే చెవులకేమైంది?"

జవాబు చెప్పేలోగా తనే మొత్తం చెప్పేసింది. మా ఆవిడ పనిచేసే రక్తనిధి వాళ్ళు ఇంకో ఊళ్ళో కొత్త శాఖ తెరుస్తున్నారు. రైల్లో ఐదు గంటలు. అక్కడ ఇన్‌ఛార్జి పోస్టు ఈవిడకే ఇస్తామని ఉత్తరం వచ్చింది. మూడేళ్ళు. క్వార్టర్ కూడా ఇస్తారు. ఈ నెల ముప్ఫయ్యో తారీకులోగా అవునో కాదో చెప్పాలి. పంతొమ్మిదేళ్ళు రక్తం సీసాల మీద చీటీలు అంటించిన మనిషికి మొదటిసారి ఒక కుర్చీ ఇస్తామన్నారు.

"ఒక చేత్తో నీ కేబుల్, ఒక చేత్తో ఆ ఉత్తరం పట్టుకుని, 'నన్ను వెళ్ళమంటారా, ఉండమంటారా' అని అడిగితే నువ్వేమన్నావు? 'పీకేసి అటుపక్క పెట్టెయ్' అన్నావు!"

"కేబుల్‌ని అన్నానే తల్లీ! కేబుల్‌ని!"

"అక్క కూడా అదే అంటోంది. 'కేబుల్‌నే అని ఉంటారు, నా మాట ఆయనకి వినపడి ఉండదు' అని. అందుకే ఇంకా అటు జవాబు రాయలేదు. నువ్వు ఫోన్ చేసి 'ఆ రోజు ఏదో అన్నావు, ఏంటది' అని ఒక్క మాట అడిగితే వచ్చేస్తుంది. అడుగుతావా లేదా?"

"అడుగుతాను."

"ఇంకోటి బావా. నోట్లో టార్చి పెట్టుకుని 'పీకెయ్' అని అంత స్పష్టంగా ఎలా అన్నావు?"

లైను సరిగా లేదని పెట్టేశాను.

నాకు వినపడలేదు. ఫోన్ చేస్తాను. ముందు బొమ్మ రానీ. ఆవిడ ఇంట్లో అడుగు పెట్టగానే మళ్ళీ ఆ నల్ల పలకే కనపడితే ఏం బాగుంటుంది? రేపు కొత్త కేబుల్ వేస్తాను, ఎల్లుండి ఫోన్ చేస్తాను.

ఆగస్టు 7, గురువారం

మూరెడు తక్కువైంది.

పైపు గోడలోంచి తిన్నగా పోదని, పైకెక్కి తలుపు మీదుగా తిరిగి దిగుతుందని నాకే తెలియాలి. నేనే దగ్గరుండి వేయించాను. కేబుల్ కొస పైపు మూతి దగ్గర ఆగిపోయి స్క్రీన్ వైపు చూస్తోంది. ఎంత లాగినా రాదు. బంగారం మార్చి ఇస్తానన్నాడు కానీ, "కొలుచుకోలేదా సార్" అని నలుగురి ముందు అడిగాడు.

ఆసుపత్రిలో ఇవాళ ఒక ఘటం తగిలింది. నా గది పేరు వినికిడి పరీక్షల గది, మిగతా వాళ్ళు చెవుల గది అంటారు. పదిహేడేళ్ళుగా అందులోనే కూర్చున్నాను. గాజు పెట్టెలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి, చప్పుడు వినపడగానే మీట నొక్కమంటాను. రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన్ని వాళ్ళావిడ తీసుకొచ్చింది. "ఏమడిగినా పలకరండీ, చెవులు పూర్తిగా పోయినట్టున్నాయి" అంది. ఎంత గట్టిగా చప్పుడు పెట్టినా ఆయన మీట నొక్కలేదు. నాకు అనుమానం వచ్చింది. కాగితం నోటికి అడ్డం పెట్టుకుని, మైకులో గొణిగినట్టుగా, "చొక్కా గుండీ ఊడింది" అన్నాను. ఠక్కున కిందకి చూసుకున్నాడు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. "వినికిడి బ్రహ్మాండంగా ఉంది. పలకడమే లేదు. ఇంట్లో మనిషి అడిగితే జవాబు చెప్పాలండీ, గోడతో మాట్లాడినట్టుంటే ఆవిడకెలా ఉంటుంది?" అని గట్టిగా చీవాట్లు పెట్టాను. ఆవిడ నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. చాలా రోజుల తర్వాత పని చేసినట్టనిపించింది.

ఆగస్టు 9, శనివారం

పదిహేను మీటర్లది తెచ్చాను. అదే లావు, అదే బంగారం పూత. పైపులోకి దూర్చడానికి మూడు గంటలు పట్టింది. రెండో కొస లాగేవాళ్ళు లేకపోతే ఇటు తోసి, పరిగెత్తి అటు వెళ్ళి లాగి, మళ్ళీ పరిగెత్తి ఇటు వచ్చి తోయాలి. నా వయసు యాభై మూడు.

బొమ్మ వచ్చింది! నల్లబడలేదు. ఇంకో గంట చూసి ఫోన్ చేద్దామనుకున్నాను.

గంట తర్వాత చుక్కలు మొదలయ్యాయి. బొమ్మ మీద సన్నటి తెల్లచుక్కలు. ఎవరో పైనుంచి ఉప్పు చల్లుతున్నట్టు. మంచు కొండల మీద కనపడవు, ఆకాశం మీద కనపడతాయి. నేను మంచు కొండలు పెట్టుకుని కూర్చున్నాను కాసేపు.

ఫోన్ చేయలేదు. చుక్కలతో పిలిస్తే ఏం మర్యాద.

ఆగస్టు 10, ఆదివారం

చుక్కలు.

ఆగస్టు 12, మంగళవారం

బంగారం ఇవాళ బుద్ధిగా కూర్చోబెట్టి చెప్పాడు. రాగి తీగకి పొడుగు పెరిగే కొద్దీ లోపల పోయే సంకేతం నీరసపడుతుందట. మూడు నాలుగు మీటర్ల వరకు మహారాజులా పోతుందిట, పదిహేను మీటర్లు పోయేసరికి సగం చచ్చి చేరుతుందిట. ఆ చుక్కలు అవే. పూత బంగారమైనా వజ్రమైనా ఉపయోగం లేదట.

"మరి మొన్న బంగారం బంగారం అని అమ్మావుగా?"

"మీరు లావుది అడిగారు సార్. లావుది ఇచ్చాను."

ఆయన దగ్గర రెండు మందులున్నాయి. ఒకటి, పెట్టెలు తెచ్చి స్క్రీన్ కిందే పెట్టుకుని, రెండు మీటర్ల మామూలు కేబుల్ వేసుకోవడం. "అన్నిటికన్నా మంచిది అదే సార్. దగ్గర దగ్గరగా ఉంటే ఏ గొడవా ఉండదు." రెండోది, గాజు తంతువుల కేబుల్. లోపల వెలుతురు పోతుంది, ఎంత దూరమైనా నీరసపడదు. తెప్పించాలి, వారం పడుతుంది.

మొదటిది అయితే అరగంటలో అయిపోతుంది.

రెండోది తెప్పించమన్నాను. గోడ మీద వైరు కనపడితే నాకు పడదని చెప్పాను కదా.

వారం అంటే పంతొమ్మిదికి వస్తుంది. ముప్ఫయ్యికి ఇంకా పదకొండు రోజులు ఉంటాయి. చాలు.

ఆగస్టు 14, గురువారం

మరదలు మళ్ళీ ఫోన్. "అడిగావా?" "అడుగుతాను." "ఎప్పుడు?" "పంతొమ్మిదికి కేబుల్ వస్తుంది." "బావా, అక్కయ్య కేబుల్లోంచి రాదు, రైల్లోంచి దిగుతుంది" అంది.

ఏమిటో ఆ పిల్ల మాటలు.

ఆగస్టు 15, శుక్రవారం

ఆవిడ రోజూ ఉదయం నా కళ్ళజోడు తుడిచి అద్దం పక్కన పెడుతుంది. పెడుతుంది అని రాశాను. పెట్టేది. కాదు, పెడుతుంది.

ఆగస్టు 17, ఆదివారం

నాకు వినపడలేదు. వినపడి ఉంటే కేబుల్ గురించి ఎందుకు మాట్లాడతాను? బుద్ధున్నవాడెవడైనా మాట్లాడతాడా?

ఆగస్టు 19, మంగళవారం

కేబుల్ రాలేదు. రేపట.

ఆగస్టు 20, బుధవారం

వచ్చింది. చూస్తే నవ్వొచ్చింది. దారం అంత సన్నం. ఇన్నాళ్ళు బొటనవేలంత లావు కేబుళ్ళతో కుస్తీ పట్టినవాణ్ణి, ఇది పైపులోకి పాములా జారిపోయింది. రెండు కొసల దగ్గరా ఏవో చిన్న చీటీలు అంటించి ఉన్నాయి, పైపు మూతి దగ్గర పట్టేస్తున్నాయని పీకేశాను. ఏమైనా అవి చూడ్డానికి అసహ్యంగా కూడా ఉన్నాయి.

అంతా బిగించి స్విచ్చి వేశాను.

ఏమీ లేదు. నల్లబడటం కాదు, చుక్కలు కాదు. అసలు ఏమీ లేదు. "సిగ్నల్ లేదు" అని తెర మధ్యలో తెల్లక్షరాలు. ఇంతకన్నా ఆ ఎలక్ట్రీషియన్ పాత కేబులే నయం, కనీసం వచ్చి పోయేది.

ఆగస్టు 21, గురువారం

కండక్టరు ఇవాళ ఒంటరిగా వచ్చాడు. తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాడు.

"సార్, నాకో సర్టిఫికెట్ కావాలి."

"దేనికి?"

"చెవుడని."

"మీకు చెవుడు లేదండీ. చొక్కా గుండీ గుర్తుందా?"

"అది నాకూ తెలుసు, మీకూ తెలుసు. ఇంట్లో తెలియకపోతే చాలు. ఆవిడ ఓ ప్రశ్న అడిగింది సార్. జవాబు ఏం చెప్పినా చెడ్డవాణ్ణే అవుతాను. చెవుడని కాగితం ఉంటే మంచివాడిగానే పోతా."

పిచ్చిపట్టినట్టు అరిచాను. పరీక్ష గదిలో అరవకూడదని నేనే బోర్డు రాసి పెట్టాను. ఆయన మాత్రం నింపాదిగా లేచి, "మీకు పెళ్ళయిందా సార్?" అన్నాడు.

"అయింది."

"అయితే మీకు తెలిసుండాలే."

ఆయన వెళ్ళాక హెడ్‌ఫోన్లు తుడుస్తూ కూర్చున్నాను. మూడుసార్లు తుడిచాను. ఆ తర్వాత బంగారానికి ఫోన్ చేసి కేబుల్ చెడిపోయిందని కేకలేశాను.

ఆగస్టు 24, ఆదివారం

తోడల్లుడు వచ్చాడు. మా మరదలి భర్త. లిఫ్టులు బాగుచేస్తాడు. రోజంతా మాట్లాడితే పది మాటలు మాట్లాడతాడు, అందులో ఆరు "అలాగే". ఆ ఇంట్లో ఇద్దరి మాటలూ మా మరదలే మాట్లాడుతుంది మరి.

వచ్చీ రాగానే అలమర తెరిచి, కేబుల్ కొస చేతిలోకి తీసుకుని వెలుతురులో పెట్టి చూశాడు.

"అన్నగారూ, వీటికి చీటీలుండాలే?"

"ఉన్నాయి. పీకేశాను."

"ఏ చీటీ ఏ కొసకి ఉందో గుర్తుందా?"

"కేబుల్‌కి ఏ కొస అయితే ఏముంది? తీగకి ముందూ వెనకా ఏంటోయ్?"

"దీనికుందండి" అన్నాడు. "ఒకటి చెప్పే కొస, ఒకటి వినే కొస. వెలుతురు ఒకవైపే పోతుంది. తిరగేసి పెడితే జన్మలో రాదు." ఇదంతా చెప్పడానికి ఆయన తన రోజు కోటా మొత్తం వాడేశాడు.

అంటే ఇటు వినేది పెట్టె వైపు పెట్టి, అటు చెప్పేది తెర వైపు పెట్టాను. కేబుల్ నిక్షేపంగా ఉంది. బంగారం దగ్గర పరువు పోయింది.

సరే, ఇప్పుడే తిరగేద్దాం పట్టవోయ్ అంటే ఆయన కదల్లేదు. కుర్చీలో కూర్చుని చేతులు నలుపుకుంటున్నాడు.

"అన్నగారూ, వదిన టీవీ చూస్తారా?"

నోరు తెరిచాను. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ కూర్చుని టీవీ చూడటం ఎప్పుడు చూశానా అని వెతుక్కున్నాను. బట్టలు మడతపెడుతూ అటు తల తిప్పడం గుర్తొచ్చింది. అంతే.

"ఏదో, అప్పుడప్పుడు" అన్నాను.

"ఒకటి చెప్పి వెళ్తాను, మా ఆవిడకి చెప్పకండి" అన్నాడు. "వదిన వచ్చి మిమ్మల్ని ఒకే ఒక్కటి అడుగుతారు. ఆ రోజు వినపడిందా లేదా అని. లేదు అనండి. వినపడలేదంటే ఆ పోస్టు వద్దని రాసేస్తారు. నిజంగానే రాసేస్తారు, నాతో అన్నారు. ఆయనకి వినపడనిదాన్ని పట్టుకుని వదిలేసి వెళ్ళిపోతానా అన్నారు. నాలుగు అక్షరాలు అన్నగారూ. లేదు, లేదు. అంతే."

ఆయన జీవితంలో ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడి ఉండడు. చెమట పట్టింది పాపం.

ఆగస్టు 25, సోమవారం

లేదు. లేదు. అద్దం ముందు నిలబడి అన్నాను. బాగానే వస్తోంది.

ఆగస్టు 26, మంగళవారం

కేబుల్ తిరగేయాలి. చేయలేదు. తలనొప్పి.

ఆగస్టు 27, బుధవారం

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. కాబట్టి ఒక్కసారి రాస్తాను, మళ్ళీ రాయను.

వినపడింది.

మొత్తం వినపడింది. ఐదు గంటలు, మూడేళ్ళు, వెళ్ళమంటారా, ఉండమంటారా. "ఉండమంటారా" దగ్గర గొంతు కొంచెం తగ్గింది, అది కూడా వినపడింది. టార్చి అప్పటికే నోట్లోంచి తీసి చేత్తో పట్టుకున్నాను. మరదలికి ఆ అనుమానం మొదటిరోజే వచ్చింది, ఆ పిల్ల లిఫ్టు మెకానిక్కుని కాకుండా పోలీసుని పెళ్ళి చేసుకోవాల్సింది.

ఏమనాలి? వెళ్ళు అంటే ఈ ఇంట్లో నేను ఒక్కణ్ణి. ఉండు అంటే పంతొమ్మిదేళ్ళ తర్వాత ఆవిడకొచ్చిన కుర్చీని నేను లాగేసినట్టు. నేను కూడా వస్తాను అనొచ్చు, అక్కడా ఆసుపత్రులుంటాయి, అక్కడివాళ్ళకీ చెవులుంటాయి. ఆ మాట నాకా క్షణంలో తట్టింది కూడా. కానీ ఈ గోడ? ఈ పైపు? ఇప్పుడే కదా బిగించాను? దేవుడి సాక్షిగా ఆ క్షణంలో నేను పైపు గురించి ఆలోచించాను. ఆవిడ నా పక్కన నిలబడి ఉంది, చెయ్యి చాపితే అందుతుంది.

నాకు భయమేసింది. నాకు చాలా భయమేసింది. అందుకని "పీకేసి అటుపక్క పెట్టెయ్" అన్నాను. గట్టిగా అన్నాను, ఆ మాటే వినపడాలని.

పాపం కండక్టరుని అనవసరంగా తిట్టాను.

ఆగస్టు 28, గురువారం

సెలవు పెట్టాను. కేబుల్ పూర్తిగా బయటికి లాగి తిరగేసి మళ్ళీ వేశాను. వెనకాల దారం కట్టి లాగాను, తోడల్లుడు చెప్పిన పద్ధతి. రెండు చోట్లకీ ఒక్కణ్ణే పరిగెత్తాను.

వచ్చింది.

ఏం బొమ్మ! ఒక చిలక రెక్క వీడియో పెట్టాను నమూనాకి, ఈకల మధ్య నూగు కూడా లెక్కపెట్టొచ్చు. చుక్కలు లేవు, నలుపు లేదు. పొద్దుట పదకొండు నుంచి మూడు దాకా చూశాను. చూపించడానికి ఇంట్లో ఎవరూ లేరు. పక్కింటివాళ్ళని పిలుద్దామా అనుకున్నాను, సిగ్గేసింది.

ఆగస్టు 29, శుక్రవారం

ఫోన్ చేశాను. ఇరవై ఆరు రోజుల తర్వాత.

"బొమ్మ వచ్చింది" అన్నాను.

"అందుకా ఫోన్ చేశారు?" అంది ఆవిడ.

"అవును. ఒకసారి చూస్తే బాగుంటుంది."

"ఇంకేమీ అడగరా?"

అడగాలి. ఆ రోజు ఏదో అన్నావు, ఏంటది? ఒక్క వాక్యం. కానీ నాకు తెలిసినదాన్ని తెలియనట్టు అడగాలి. అది కూడా చేయగలను, కానీ నోరు రాలేదు.

"ఎప్పుడొస్తావు?" అన్నాను.

"రేపు పొద్దున. ఎలాగూ రేపే ఆఖరు."

ఆగస్టు 30, శనివారం

పదింటికి వచ్చింది. చేతిలో చిన్న సంచి ఒక్కటే. నేను అప్పటికి రెండుసార్లు గడ్డం గీసుకున్నాను.

స్క్రీన్ వేశాను. చిలక రెక్క. నిలబడే చూసింది.

"బాగుందండీ. ఎంత స్పష్టంగా ఉందో."

"గాజు తంతువులు. లోపల వెలుతురు పోతుంది."

"ఓహో."

"ఒకవైపే పోతుంది."

"అలాగా."

అప్పుడు రిమోట్ నా చేతిలోంచి తీసుకుని తనే ఆపేసింది. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. ఉత్తరం సంచిలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఒక్కటి అడుగుతాను. నిజం చెప్పండి. ఆ రోజు నేనడిగింది మీకు వినపడిందా?"

లేదు. లేదు. అద్దం ముందు ఎంత బాగా వచ్చాయి ఆ రెండు మాటలు. తోడల్లుడు చెమటలు కక్కుతూ నేర్పించి వెళ్ళాడు. ఆవిడ మొహం చూస్తే, నేను లేదంటే నమ్మడానికి సిద్ధంగా ఉంది. నమ్మాలని ఉంది కూడా. అలా నమ్మిస్తే ఆ ఉత్తరం చించేసి, మధ్యాహ్నానికి వంటింట్లో ఉంటుంది. ఇంకో ఇరవై ఏళ్ళు నా కళ్ళజోడు తుడుస్తుంది.

"వినపడింది" అన్నాను.

"మొత్తమా?"

"మొత్తం. మూడేళ్ళన్నది కూడా."

"మరి?"

"భయమేసింది."

ఆవిడ ఉత్తరం మడత విప్పి, మళ్ళీ అదే మడత మీద మడిచింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "భయమేసింది అన్నా సరిపోయేది కదండీ" అంది. చాలా మామూలుగా అంది. ఈ నెలంతా నేను విన్న మాటల్లో నాకు బాగా తగిలింది అదొక్కటే.

"అలా అని ఉంటే, నేను వెళ్ళేదాన్నో ఉండేదాన్నో నాకు తెలియదు. ఇద్దరం కూర్చుని భయపడేవాళ్ళం. ఇరవై ఏడు రోజులు ఆయనకి వినపడలేదు, వినపడలేదు అని చెల్లెలితో పోట్లాడాను. వినపడని మనిషిని మళ్ళీ అడగాలి. వినపడినవాళ్ళని ఇంకేం అడుగుతాం?"

నేను చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఈలోగా ఆవిడ ఫోన్ తీసి నెంబరు నొక్కింది.

అటునుంచి ఎవరో ఆఫీసరు. గొంతు పెద్దది, ఇవతలికి కూడా వినపడుతోంది. నమస్కారమండీ అంది. చేరతానండీ అంది. సోమవారం కాదు, బుధవారం అంది. ఆ మాట చెప్తున్నప్పుడు వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది. ఆవిడ అలా కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. గర్వమనిపించింది నాకు, ఆ గర్వం చూపించుకోవడానికి నాకేమీ హక్కు లేదు.

"క్వార్టర్ ఒక్కరికా మేడమ్, ఇద్దరికా?" అన్నాడు ఆయన.

ఆవిడ కిటికీ వైపు చూస్తోంది.

"ఇద్దరికి" అన్నాను నేను.

గట్టిగానే అన్నాను. నా చేతిలో ఏమీ లేదు, నోట్లో ఏమీ లేదు, నా తల ఏ గోడ వెనకా లేదు. హాల్లో మా ఇద్దరి మధ్య మూడడుగుల దూరం కూడా లేదు.

"ఒక్కరికే రాసుకోండి" అంది ఆవిడ, ఫోన్లో.

నన్ను చూడలేదు. కిటికీ వైపే చూస్తూ మిగతా వివరాలు చెప్పింది, పుట్టిన తేదీ, రక్తం గ్రూపు. నా మాట ఆవిడకి వినపడలేదేమో అనుకోవచ్చు. ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ చెవుల గదిలో పదిహేడేళ్ళు కూర్చున్నవాణ్ణి. చప్పుడు చెవిన పడగానే, ఎంత గట్టివాళ్ళయినా సరే, మీట మీద వేలిని ఆపుకోగలరు కానీ కంటి రెప్పని ఆపుకోలేరు. నేను "ఇద్దరికి" అన్నప్పుడు ఆవిడ రెప్ప ఒక్కసారి కొట్టుకుంది.

వినపడింది.